కోసిగి మామిడి

మొన్న మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర పండ్ల బండి ముందు నిలబడి నేను కళ్లు మూసుకున్నాను. బండామె మామిడిపండు ముక్క ఒకటి కోసి, కత్తి మీదనే పెట్టి చూపించి, "తిని చూడక్కా, నచ్చితేనే తీసుకో" అంది. ముక్క నోట్లో పడగానే కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. వెనక లారీ హారన్ కొట్టినా తెరవలేదు. బండామె నవ్వింది.

"ఏమక్కా, దేవునికి మొక్కుకుంటాండావా?"

ఆమెకేం చెప్పేది? మామిడిపండును కళ్లు తెరిచి తినకూడదని నాకు నేర్పిన మనిషి పోయి నాలుగు నెలలైందని చెప్తే ఆమెకేం అర్థమవుతుంది? రెండు కిలోలు తూయించుకొని వచ్చేశాను. పండు తియ్యగానే ఉంది. అంతకు మించి నాకేమీ అనిపించలేదు. ఈ నాలుగు నెలలూ ఏది తిన్నా ఇంతే, ఏది చూసినా ఇంతే. ఆయన పోయినప్పుడు ఏడుపు కూడా రాలేదు. పక్కింటి మనిషే కదా, కన్నతండ్రా ఏమన్నానా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ తిరిగాను.

నేను నర్సును. ఊళ్ల వెంబడి తిరిగి పిల్లలకు సూదులు వేసే, గర్భిణుల బరువులు చూసే ప్రభుత్వ నర్సును. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నేను పెద్దనాయనా అని పిలిచేదాన్ని, ఆయన నర్సమ్మా అనేవాడు. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. ఎన్నో ఏళ్ల పరిచయమంతా ఆ గోడ మీద మోచేతులు ఆనించి నడిచిందే.

ఉద్యోగం వదిలేసినా ఆయన ఒంట్లోంచి బస్సు దిగలేదు. నేల మీద నిలబడినా కాళ్లు ఎడంగా పెట్టి, ఒక చెయ్యి పైకెత్తి ఏదో ఒక కొమ్మ పట్టుకొనే నిలబడేవాడు. చెవి మీద పెన్సిలు. మెడలో దారానికి కట్టిన విజిలు. రామచిలకలు జామచెట్టు మీద వాలితే ఆ విజిలు ఊదేవాడు. చిలకలు లేచేవి కావు గానీ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి నడుం వాల్చిన నేను లేచి కూర్చునేదాన్ని. "పెద్దనాయనా, ఆ విజిలు నీ చేతులో ఉంటే నువ్వన్నా ఉండాల, నేనన్నా ఉండాల ఈ వీధిలో" అని అరిచేదాన్ని. "చిలకలకు చెప్పు నర్సమ్మా, నాకు చెప్తే ఏం లాభం" అనేవాడు. నా నోరు దురుసని మా వీధిలో అందరికీ తెలుసు. ఆయన ఒక్కడే దాన్ని పట్టించుకునేవాడు కాదు.

మేం కొత్తగా ఇల్లు కట్టుకొని దిగిన వారంలో గోడ అవతల మాటలు వినపడ్డాయి.

"ఆళ్ళగడ్డకు నీళ్లు పోసినావా?"

"పోసినా."

"నంద్యాలకు?"

"నంద్యాలకు చీమలు పట్టినాయి, చూసుకోపో."

మొగుడూ పెళ్లాలిద్దరికీ మతి చలించిందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది. కడప, కర్నూలు మధ్య తిరిగినన్నాళ్లూ ఏ స్టేజీలో ఏ పండు బాగుందనిపిస్తే దాని టెంకో విత్తనమో సంచిలో వేసుకొచ్చి ఇంటి వెనక స్థలంలో నాటేవాడట. చెట్టుకు ఆ ఊరి పేరే పెట్టేవాడు. ఆళ్ళగడ్డ అంటే పీచు మామిడి, పిసికి చీకవలసిందే. నంద్యాల అంటే సపోటా. తిరునాళ్లకు పోయి తెచ్చిన సీతాఫలం అహోబిలం. చాగలమర్రి జామ. రంగు డబ్బా మూతలు ముక్కలుగా కత్తిరించి, మేకుతో ఊరి పేరు చెక్కి, తీగతో ప్రతి కొమ్మకూ కట్టేవాడు. గాలి వీస్తే ఆ రేకులన్నీ గలగలమనేవి.

అంటు మొక్కలంటే ఆయనకు గిట్టదు. "అంటు మొక్క అంటే ఏమి నర్సమ్మా, బోర్డు చూసి బస్సెక్కినట్ల. యాడికి పోతాందో ముందే తెలుసు. టెంక మొక్క అట్ల కాదు. తల్లి తీపైనా బిడ్డ పులుపు కావచ్చు. కాసేదాకా తెలీదు." అందుకే ప్రతి టెంక మొక్కకూ ఒక గడువు ఉండేది. మొదటి కాపు వచ్చేదాకా ఆగుతాడు. ఆ కాయను టికెట్లు పెట్టుకునే పాత రేకుపెట్టెలో వరిగడ్డి వేసి మాగేస్తాడు. పండాక తొడిమ దగ్గర వాసన చూసి, కోసి, ఒక ముక్క నాలుక మీద పెట్టుకొని కళ్లు మూసుకుంటాడు. నమలడు. ముక్కుతో ఒక్కసారి గాలి వదులుతాడు. అప్పుడు తీర్పు. బాగుంటే "రైట్." బాగాలేకపోతే "దింపేయ్." దింపేయ్ అన్న చెట్టును మర్నాడే తనే నరికేవాడు, పెద్ద బాధ కూడా పడేవాడు కాదు. బనగానపల్లె అని పేరు పెట్టుకున్న చెట్టొకటి కాసి కాసి చింతకాయంత పులుపు కాస్తే, "పేరుంటే సరిపోతుందా అమ్మా, దిగు" అని చెట్టుతోనే చెప్పి నరికాడు. ఆ కట్టెలతోనే వాళ్ల చర్చిలో ప్రేమవిందుకు వంట చేశారు. రైట్ అన్న చెట్టు తొలి పండ్లు మాత్రం ఆదివారం తెల్లగుడ్డ కప్పిన పళ్లెంలో పాస్టరుగారికి వెళ్లేవి.

ఆ తీర్పు అయ్యేదాకా ఆ పండు ఇంకెవరూ నోట పెట్టకూడదు. పెద్దమ్మ కూడా. అది వాళ్లింటి కట్టుబాటు. తీర్పు అయ్యాక మాత్రం వీధి వీధినంతా పిలిచేవాడు. గోడ దగ్గర నన్ను నిలబెట్టి, "కండ్లు మూసుకో" అనేవాడు. నోట్లో ముక్క పెట్టి, "ఇప్పుడు చెప్పు నర్సమ్మా, బస్సు యాడ ఆగింది?" అని అడిగేవాడు. మొదట్లో నాకు అన్నీ ఒకేలా ఉండేవి. చాగలమర్రిని పట్టుకొని నంద్యాల అంటే, జామకూ సపోటాకూ తేడా తెలియని దానికి ఉద్యోగం ఎవరిచ్చారని పెద్దమ్మను అడిగేవాడు. రెండు మూడేళ్లకు నేను కళ్లు మూసుకొని ఊర్లు చెప్పేదాకా వచ్చాను. అప్పుడు ఆయన ముఖం చూడాలి! తన చేతికింద ఇంకో కండక్టరు తయారైనట్టు మురిసిపోయేవాడు.

మా గృహప్రవేశం నాడు అందరూ గిన్నెలూ గడియారాలూ తెస్తే ఆయన నల్ల కవరులో ఒక మామిడి మొక్క తెచ్చాడు. "ఇది కోసిగి. మా దాంట్ల జాగా ల్యా. నీ పెరట్ల పెట్టుకో, కాపాడు" అన్నాడు. ఇంటినిండా చుట్టాలు, చేతినిండా పని, ఎక్కడ పెట్టాలని విసుక్కున్నాను కూడా. చివరికి ఉతికే బండ పక్కన నాటాను.

కోసిగి కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ప్రతిసారీ మొదటిసారి చెప్పినట్టే చెప్పేవాడు.

"ఆఖరి రెండేండ్లు నన్ను ఆదోని దిక్కు ఏసినారు. కోసిగిలో ఒక సంసారం ఎక్కింది నర్సమ్మా. మొగుడు, పెండ్లాం, సంకలో బిడ్డ. గోనెసంచిలో చట్లు, చాప, పార. బెంగుళూరికి పనికి పోతాండారు. ఆయమ్మ ఒళ్లో ఒక గుడ్డమూట. అదేందమ్మా అంటే, ఇంటికాడ బాయి గట్టున చెట్టుండాదప్పా, ఇల్లిడిచి పోతాండాం కదా, కోతులపాలు చేసేదెందుకని కోసుకొస్తిమి అనింది. నాకొకటి ఇచ్చింది. జోబులో చెయ్యి పెడితే, దుడ్లేం వద్దప్పా, తిను అనింది. ఎనక సీట్ల కూర్చోని తిన్నా. ఆదోని వచ్చేదాకా నేను ఎవరికీ టికెట్టు కొట్టల్యా."

"ఎట్లుండె పెద్దనాయనా?"

దానికి మాత్రం ఆయన గుప్పిట మూసి, మెల్లగా తెరిచి, ఖాళీ అరచెయ్యి చూపించేవాడు. "ఇట్ల" అనేవాడు. "కాసినంక నువ్వే తింటావు కదా. అంతవరకూ ఓపిక పట్టు."

మళ్లీ ఆ సంసారాన్ని ఆయన చూడలేదు. కోసిగిలో ఆ బావి ఏదో, ఆ చెట్టు ఉందో పోయిందో తెలియదు. ఆ రుచి ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందంటే అది మా ఉతికే బండ పక్కనున్న చెట్టులోనే ఉండాలి. ఉంటుందని కూడా నమ్మకం లేదు, టెంక మొక్క కాబట్టి. అయినా ఆయన రోజూ పొద్దున గోడ మీదినుంచి తొంగి చూసేవాడు. బోరు ఎండిన ఏడు, తను స్నానం చేసిన నీళ్లు బకెట్టుతో గోడ దాటించి అందించేవాడు. వేరు పక్కన చిల్లు కుండ పాతించి, అందులో నీళ్లు ఎండకుండా చూడమని నా ప్రాణం తీసేవాడు. "డ్యూటీకి పోతాండావా? కుండ నింపినావా?" రోజూ ఇదే ప్రశ్న. ఎనిమిదేళ్లు ఇదే ప్రశ్న.

కరోనా రెండో ఏడు ఆయనకూ పెద్దమ్మకూ ఇద్దరికీ జ్వరం వచ్చింది. అప్పట్లో మాకు ఇంటింటికీ తిరిగి కాగితాలు నింపడమే పని. జ్వరం ఉందా, దగ్గుందా, ఆయాసం ఉందా, వాసన తెలుస్తుందా, రుచి తెలుస్తుందా. ఆ ఎండలో మాస్కు కింద చెమట కారుతుంటే, అందరినీ అడిగినట్టే ఆయననూ గేటు బయటి నుంచి అడిగాను. పెద్దమ్మ లోపలి నుంచే చెప్పింది, తనకు వాసనా లేదు రుచీ లేదని. ఆయన ఆళ్ళగడ్డ చెట్టు కింద మంచం మీద పడుకొని ఉన్నాడు.

"పెద్దనాయనా, నీకు రుచి తెలుస్తాందా?"

"నాకా? అన్నీ తెలుస్తాండాయి. నా నోరు యాడికి పోతాది నర్సమ్మా?"

నేను టిక్కు పెట్టుకొని తర్వాతి ఇంటికి వెళ్లిపోయాను. నాలుక మీద చిటికెడు ఉప్పు వేసి ఉంటే అప్పుడే తేలిపోయేది. వేయలేదు. ఇంకా చాలా ఇళ్లున్నాయి, ఎండ ఉంది, విసుగుంది. అన్నిటికంటే ముందు, ఆ మనిషి నోటిని అనుమానించాలని నాకు తట్టనే లేదు.

ఇద్దరూ కోలుకున్నారు. పెద్దమ్మకు నెల తిరిగేసరికి అన్నీ తెలిశాయి. ఆయనలో చిన్న మార్పు వచ్చింది, అది నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అంతకు ముందు పండు పెట్టి తనే చెప్పేవాడు. జ్వరం తర్వాత అడగడం మొదలుపెట్టాడు. "ఎట్లుండాది నర్సమ్మా? పోయినేడుకంటే తీపి తగ్గిందా?" నేను తగ్గిందంటే, "అవు, తగ్గింది, నీళ్లు ఎక్కువైనాయి" అనేవాడు. ఇంకొకరు పెరిగిందంటే, "అవు, ఎండలు బాగా కాసినాయి కదా" అనేవాడు. వయసు మీద పడి మెత్తబడ్డాడు, పోనీలే పదిమందికీ విలువిస్తున్నాడు అనుకున్నాను. కళ్లు మూసుకొమ్మని అడగడం కూడా మానేశాడు. నేనే అలవాటుగా మూసుకునేదాన్ని.

ఆ మరుసటి ఏడు కోసిగి పూసింది. మొదటిసారి. పూత చూసి ఆయన గోడ దూకినంత పని చేశాడు. పదకొండు పిందెలు నిలిచాయి. గాలివానకు ఎనిమిది రాలాయి, ఒకటి ఉడత కొరికింది, ఒకటి పగిలిపోయింది. మిగిలింది ఒక్కటి. దానికి తన పాత బనీను చింపి సంచిలా కుట్టి తొడిగాడు.

సరిగ్గా అప్పుడే మా అత్త వంటింట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. చేతికర్రల స్టాండు పట్టుకొని నాలుగడుగులు వేయగలదు గానీ మెట్లు దిగి పెరట్లోని బాత్రూముకు పోలేదు. ఆమె గదిని ఆనుకొని ఒక బాత్రూము కట్టాలి. బేల్దారి మేస్త్రీ వచ్చి కొలతలు చూసి, "మామిడిచెట్టు పోవాలమ్మా" అన్నాడు. చెట్టు ఉంచాలంటే వేరే దారి ఒకటుంది, మా హాలులో సగం కోసి అటువైపు కట్టడం. మా ఆయన ససేమిరా అన్నాడు.

"అమ్మ మంచంలోనే పోసుకుంటా ఏడుస్తాంది. నువ్వేమో ఒక్క కాయ పండాలంటాండావు. నీకు తలకాయ ఉండాదా?"

"పది దినాలు ఆగు. పెద్దనాయన తిని చెప్పనీ. రైట్ అంటే హాలు కోద్దాం. దింపేయ్ అంటే నేనే నరికిస్తా. ఇంక నోరెత్తితే చూడు."

మా ఆయన ఒప్పుకున్నాడు. అత్త కూడా, "నా కోసం కాసే చెట్టు కొట్టొద్దురా, పది దినాలు నాకేం కాదు" అంది. ఆ పది రోజులు ఆమెకు గిన్నె పెట్టి తీసింది నేనే. నాకు చెట్టు కావాలి. ఎనిమిదేళ్లు కుండ నింపిన దాన్ని నేను. కానీ కావాలి అని నా నోటితో నేను అనకుండా, ఆయన నోటితో అనిపించి గెలవాలనుకున్నాను.

పండు మాగిన రోజు పొద్దున్నే ఆయన రేకుపెట్టె చంకలో పెట్టుకొని మా పెరట్లోకి వచ్చాడు. మేస్త్రీ అప్పటికే సిమెంటు బస్తాలు దింపించి, గడ్డపార మీద చేతులు పెట్టి నిలబడి ఉన్నాడు. మా ఆయన గుమ్మంలో. కిటికీలోంచి అత్త. నేను ఆ రోజు టీకాల డ్యూటీకి ఆలస్యమై, ఐసు పెట్టె భుజాన తగిలించుకొనే నిలబడ్డాను.

పండు చిన్నది, పైకి పచ్చగానే ఉంది. రెండు బుగ్గలుగా కోశాడు. లోపల ముదురు పసుపు. ఒక బుగ్గ చేతిలో పెట్టుకొని చాలాసేపు వాసన చూశాడు. తర్వాత ఎప్పుడూ అననిది ఒకటి అన్నాడు.

"నువ్వు తిను ముందు, నర్సమ్మా."

"నేనా? నువ్వు చెప్పకుండా నేనెట్ల తినేది? నీ కట్టుబాటు నువ్వే తప్పుతావా? కానియ్ పెద్దనాయనా, నాకు టైమవుతాంది."

టైమవుతాంది. ఆ మాట నేనే అన్నాను.

ఆయన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకోలేదు. ఆ సంగతి నేను అప్పుడే గమనించాను, కానీ ఏమీ అనుకోలేదు. మేస్త్రీని చూశాడు. కిటికీ వైపు చూశాడు. చివరికి నా ముఖం చూశాడు, చాలాసేపు చూశాడు. పట్టుకోవడానికి కొమ్మ కోసం పైకి చెయ్యెత్తి మళ్లీ దించేశాడు.

"దింపేయ్ నర్సమ్మా" అన్నాడు.

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. చెట్టు మీదో ఆయన మీదో తెలియదు. రెండో బుగ్గ నాకు అందించబోతే, "పులుపు నాకెందుకు, పళ్లు జివ్వుమంటాయి" అని ఐసు పెట్టె సర్దుకొని వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఉతికే బండ పక్కన పచ్చి మొద్దు మాత్రం ఉంది. ఆకులు ఎవరి మేకలకో వేసేశారు. పదిహేను రోజుల్లో బాత్రూము లేచింది. అత్త మొదటిసారి తనంతట తను లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నప్పుడు నాకు తేలికగా అనిపించింది, అబద్ధం చెప్పను.

ఆ తర్వాత ఆయన మా పెరటి వైపు రాలేదు. గోడ దగ్గర కనిపించినా రెండు ముక్కలు మాట్లాడి పక్కకు వెళ్లిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది. దింపేయమన్నది తనే, మళ్లీ అలగడం ఏమిటి? నేనేం తక్కువ తిన్నానా, నేనూ మూతి బిగించుకున్నాను. పండ్లు మాత్రం పెద్దమ్మ తెచ్చి ఇచ్చేది. నేను పెట్టిన పప్పులూ పచ్చళ్లూ అటు వెళ్లేవి. మనుషులమే అటూ ఇటూ అయిపోయాం. ఇట్లా దాదాపు మూడేళ్లు గడిచాయి.

శివరాత్రి దాటిన వారం, మధ్యాహ్నం పూట పెద్దమ్మ గోడ మీదినుంచి నన్ను కేకేసింది. అన్నం తిని పడుకున్న మనిషి లేవడం లేదని. నేను వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. మెడ దగ్గర చూశాను. కనుపాపలు చూశాను. రెప్పలు మూశాను, దవడ కింద గుడ్డ చుట్టి కట్టాను. ఇవన్నీ చేతులకు వచ్చిన పనులు, చేతులే చేశాయి. పెద్దమ్మ నా భుజం మీద పడి ఏడుస్తుంటే నేను గోడ గడియారం చూసి టైము గుర్తు పెట్టుకున్నాను. డాక్టరు అడుగుతాడని.

నలభై రోజులకు వాళ్లింట్లో ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయింది, పాటలు పాడారు, భోజనాలయ్యాయి. అందరూ వెళ్లాక నేను పెద్దమ్మతో గిన్నెలు సర్దుతున్నాను. చింతపండు పులుసు మిగిలితే పారబోయబోయాను. ఆమె ఆపింది.

"ఉండనీ. ఉప్పు కషాయం. ఎవురూ తినల్యా. మీ పెద్దనాయన ఉంటే ఎంతుప్పున్నా తినేటోడు పాపం. నాలుగేండ్లు ఏది పెట్టినా తిన్నాడు."

"అదేం పెద్దమ్మా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "నీకు తెలీదా? నీకు చెప్పినాడనుకుంటినే. కరోనా జరం వచ్చినాక ఆయప్పకు రుచే తెలీదు కదమ్మా. చక్కెర, ఉప్పు, కారం అన్నీ ఒకటే. రేపొస్తాది, ఎల్లుండొస్తాది అని చూసినాడు. రాల్యా. ఎవురికీ చెప్పొద్దు, నవ్వుతారు అని నా చేత ఒట్టు పెట్టించుకున్యాడు."

నేను గిన్నె కింద పెట్టాను.

"మరి కోసిగి?"

"అదే కదా" అని ఆమె మెట్టు మీద కూర్చుంది. "ఆ మిగిలిన ముక్క తెచ్చి ఫ్రిజ్జులో పెట్టినాడు. మర్నాడు పొద్దున నాకిచ్చినాడు. నేను తిని, ఇదేందయ్యా, ఇట్లాంటి పండు నా జన్మలో తినల్యా, దీన్ని దింపేయమన్యావా అంటి. అప్పటికే కొట్టేసిరి కదా. అప్పుడు చెప్పినాడు ఆయప్ప. నాకు తెలీల్యా, నర్సమ్మ మొగం చూసినా, పాపం ఆ ముసలామెతో అలసిపోయి ఉండాది, కొట్టమంటే మేలనుకుంటాందేమో అనిపించింది, కొట్టమన్యా అని."

నా ముఖం చూసి చెప్పాడట. నా ముఖంలో ఉన్నది డ్యూటీకి ఆలస్యమైన చిరాకు. ఆయన నోటిని నేను నమ్ముకున్నాను, ఆయన నా ముఖాన్ని నమ్ముకున్నాడు. రుచి చూడగలిగిన నాలుక ఆ పెరట్లో నాకుంది, పులుపని విదిలించి పోయాను. ఆయన పది, పన్నెండేళ్లు ఎదురుచూసిన పండు ఆయన నోట్లోనే ఉంది, ఆయనకు తెలియలేదు. రుచి ఉంది అని కాగితం మీద టిక్కు పెట్టినది నేనే.

"రా, ఒకటి చూపిస్తా" అని పెద్దమ్మ వెనక్కు తీసుకెళ్లింది. ఆళ్ళగడ్డ నీడలో నల్ల కవరులో ఒక మామిడి మొక్క, మోకాలి పైకి ఎదిగింది. "ఆ టెంక పారేయల్యా. నేను ముక్క తిన్నంక కడిగి, నీడన ఆరబెట్టి ఏసినాడు. నీకియ్యల్ల అని రోజూ అనుకునేటోడు. ఏ మొగం పెట్టుకోని ఇయ్యల్ల అని మళ్ల ఆడనే పెట్టేటోడు."

మొక్కకు రేకు కట్టి ఉంది. ఆయన కట్టే అన్ని రేకుల మీదా ఊరి పేరుంటుంది. తిప్పి చూశాను. మేకుతో లోతుగా చెక్కాడు, అక్షరాలు వంకర పోయాయి. ఊరి పేరు లేదు. 'తెలీదు' అని ఉంది.

అప్పుడైనా ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. మొక్క తీసుకుపొమ్మని పెద్దమ్మ అంటే మళ్లీ తీసుకుంటాలే అని వచ్చేశాను. రెండు నెలల పైనే అటువైపు వెళ్లలేదు. డ్యూటీకి పోవడం, రావడం, వండడం, పడుకోవడం. బతికే ఉన్నాను, అంతే.

మొన్న బండి దగ్గర కళ్లు మూసుకున్నప్పుడు మాత్రం, ఆ చీకట్లో, "బస్సు యాడ ఆగింది?" అని ఎవరూ అడగలేదు. అడుగుతారని నేను నిలబడి ఉన్నాను. లారీ హారన్ కొట్టింది, బండామె నవ్వింది, నేను ఇంకా నిలబడే ఉన్నాను. ఇంటికి వచ్చి చీర కూడా మార్చుకోకుండా గోడ అవతలికి వెళ్లి మొక్కను ఎత్తుకొచ్చాను.

పెరట్లో జాగా ఎక్కడుంది, బాత్రూము ఉంది. ముందు గేటు పక్కన నా స్కూటీ నిలిపే చోట తవ్వాను. ముందురోజే తొలకరి పడింది, నేల గడ్డపారకు లొంగింది. మా ఆయన వచ్చి చూసి స్కూటీ ఎక్కడ పెడతావని అడగబోయి, నా ముఖం చూసి, తనే గడ్డపార అందుకున్నాడు. వేరు పక్కన చిల్లు కుండ పాతి, నీళ్లు నింపాను. రేకు విప్పలేదు.

అత్త స్టాండు పట్టుకొని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వరండాలోకి వచ్చింది.

"ఏ ఊరమ్మా ఇది?"

"తెలీదత్తా."

"ఎన్నేండ్లకు కాస్తాది?"

"తెలీదు. ఏడెనిమిదేండ్లు పడుతుందేమో."

ఆమె కొంచెంసేపు మొక్కను చూసింది. తర్వాత గోడ అవతలికి చూసింది.

"మరి ఆయప్ప ల్యాకపాయె. కాసినంక తిని చెప్పేదెవురు?"

"నేను తింటా."

"నీకు పులుపు పడదు కదా. పుల్లగా ఉంటే?"

"పుల్లగా ఉన్నా తింటా అత్తా" అన్నాను.